వాల్తర్ సీపీ88 ఎలాంటిది, కడప జిల్లాకు తెచ్చుకోవచ్చా? నాలుగేళ్ళు వాడినవాడిగా నా జవాబు

తమ్ముడు అడిగింది ఇదీ: వాళ్ళ బావ వచ్చే నెల జర్మనీ నుంచి ప్రొద్దుటూరు వస్తున్నాడు. తన దగ్గరున్న వాల్తర్ సీపీ88 ఎయిర్ పిస్టల్ ఇచ్చేస్తానంటున్నాడు. అది ఏ తుపాకీకి నకలు, ఎంత బలంగా కొడుతుంది, గురి నేర్చుకోవడానికి పనికొస్తుందా, సూట్‌కేసులో పెట్టుకుని వస్తే ఏమవుతుంది అని.

చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతా. తేవద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పు. ఎందుకో తర్వాత వస్తా. మిగతావాటికి నేను చెప్పగలను, ఎందుకంటే ఆ పిస్టల్ నా దగ్గర నాలుగేళ్ళు ఉంది. డార్ట్‌మండ్‌లో చదువుకుని, అక్కడే కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, తిరిగి కడపకు వచ్చేటప్పుడు దాన్ని రూమ్మేట్ చేతిలో పెట్టి వచ్చా. ఇప్పటికీ అప్పుడప్పుడు ఫొటో పంపించి ఉడికిస్తుంటాడు.

నాకీ పిచ్చి ప్రొద్దుటూరు దసరాలోనే మొదలైంది. అమ్మవారి అలంకారాలు చూడ్డానికని ఇంట్లోవాళ్ళు తీసుకుపోతే నేను బెలూన్లు కాల్చే బల్ల దగ్గర ఆగిపోయేవాణ్ణి. గురి సరిగ్గా పెట్టినా గుండు పక్క బెలూన్‌కు తగిలేది. ఆ తుపాకీ ఎడమకు పోతుందని కనిపెట్టి, నీలం బెలూన్ కావాలంటే దాని కుడిపక్కన ఉన్న పసుపుదానికి గురిపెట్టడం మొదలుపెట్టా. నాలుగు వరసగా పేలేసరికి బల్ల ఆయన నవ్వి తుపాకీ మార్చి ఇచ్చాడు. రెండోది కుడికి పోయేది.

సరే, అసలు విషయం. డార్ట్‌మండ్ నుంచి యాభై కిలోమీటర్ల దూరంలో ఆర్న్స్‌బర్గ్ అనే ఊరుంది. ఉమారెక్స్ కంపెనీ అక్కడిదే. 1972లో మొదలై, మొదట్లో శబ్దం మాత్రమే చేసే పిస్టళ్ళతో నిలదొక్కుకుంది. వాల్తర్ పేరు అంతకంటే చాలా పాతది. 1886లో కార్ల్ వాల్తర్ జర్మనీలోని జెల్లా ప్రాంతంలో తుపాకుల దుకాణం పెట్టాడు. 1929లో పీపీ, 1938లో జర్మన్ సైన్యానికి పీ38 పిస్టల్ వీళ్ళ దగ్గరి నుంచే వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడాక ఆ ప్రాంతం సోవియట్ చేతిలోకి పోయింది, ఫ్యాక్టరీ పోయింది. పడమటి జర్మనీలో ఉల్మ్ అనే ఊళ్ళో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఓడిన దేశంలో అసలు తుపాకులు చేయనివ్వరు కాబట్టి మొదట్లో గాలి తుపాకులు చేసి కంపెనీని నిలబెట్టుకున్నారు. అందుకే వాల్తర్‌కు ఎయిర్ గన్ అంటే పక్క వ్యాపారం కాదు, కష్టకాలంలో అన్నం పెట్టిన పని.

నీ బావ దగ్గరున్నది పీ88కు నకలు. అసలు పీ88 పేరులో ఉన్నట్టే 1988లో అమ్మకానికి వచ్చింది. తొమ్మిది మిల్లీమీటర్ల తూటా, మ్యాగజీన్‌లో పదిహేను. పేలే క్షణంలో గొట్టాన్ని, దాని మీద ముందుకూ వెనక్కీ జరిగే స్లయిడ్ అనే తొడుగునూ కలిపి పట్టి ఉంచేదాన్ని లాకింగ్ అంటారు. పీ38 నాటి నుంచి వాల్తర్ వాడుతున్న లాకింగ్ పద్ధతిని వదిలేసి, పేల్చినప్పుడు గొట్టం కొద్దిగా కిందికి వాలి లాక్ విడిపోయే బ్రౌనింగ్ పద్ధతికి మారింది ఇందులోనే. పని బాగా చేసిందనే పేరొచ్చింది కానీ బరువు, ధర రెండూ ఎక్కువ. ప్లాస్టిక్ బాడీ పిస్టళ్ళు మార్కెట్‌ను ఊడ్చేస్తున్న కాలంలో అంత ఖరీదైన లోహపు పిస్టల్ ఎవరు కొంటారు? వాల్తర్ కూడా తర్వాత పీ99తో ప్లాస్టిక్ దారే పట్టింది. ఈలోగా 1993లో ఉమారెక్స్ వాల్తర్‌ను కొనేసింది. శబ్దం పిస్టళ్ళు చేసేవాళ్ళు అసలు తుపాకుల కంపెనీని కొనడమంటే నాకు ఇప్పటికీ తమాషాగానే ఉంటుంది. 1996లో ఆ పీ88 రూపంతోనే గ్యాస్ మీద నడిచే సీపీ88 తెచ్చారు. అసలుది దుకాణాల్లోంచి పోయింది, నకలు మాత్రం ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది.

నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. అది జనవరి. దుకాణం ఆయన పెట్టె తెరిచి కౌంటర్ మీద పెడితే ధడ్ మని చప్పుడైంది. చేతిలోకి తీసుకుంటే కిలోకు కాస్త పైనే ఉంది, లోహం మంచులా చల్లగా తగిలింది. అంతా లోహమే, పిడి పక్కల పలకలు తప్ప. బొమ్మ అని చెప్పినా చెయ్యి నమ్మదు. దీని గొప్పంతా అక్కడే ఉంది, తర్వాత చెప్పబోయే తలనొప్పీ అక్కడి నుంచే వస్తుంది.

లోపల మాత్రం అసలుదానికీ దీనికీ పోలికే లేదు. పీ88 పిడిలో తూటాలుంటాయి. ఇందులో పిడిలో గ్యాస్ ఉంటుంది. మ్యాగజీన్ జారడానికి నొక్కే బటన్‌లాంటిది నొక్కితే పిడి కుడి పలక ఊడి వస్తుంది. లోపల బొటనవేలంత లావు ఇనుప క్యాప్సూల్ పెట్టాలి, పన్నెండు గ్రాముల కార్బన్ డయాక్సైడ్. మన గోలీ సోడాలో ఉండే గ్యాసే. కింద మర బిగించి, పిడి అడుగున ఉన్న లీవర్ మూస్తే సూది క్యాప్సూల్ మూతిని పొడుస్తుంది. టస్సు మని ఒక్క క్షణం వినిపించి ఆగిపోవాలి. ఆగకుండా కారుతుంటే వాషర్ పోయినట్టు. నాది కొన్న రెండో వారమే అలా కారింది. ఎండిపోయిన వాషర్‌కు ఒక చుక్క సిలికాన్ ఆయిల్ పెడితే సర్దుకుంది.

గుండ్లు వేరే చోట. పైనున్న లీవర్ కిందికి నొక్కితే స్లయిడ్ ముందు సగం ముందుకు జరుగుతుంది. ఆ సందులో రూపాయి బిళ్ళంత చక్రం పెట్టాలి, దానికి ఎనిమిది గుంటలు. ఒక్కో గుంటలో ఒక్క సీసపు పెల్లెట్, నడుము దగ్గర సన్నగా ఢమరుకంలా ఉంటుంది. అర గ్రాము బరువు, 4.5 మిల్లీమీటర్ల సైజు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా చక్రం ఒక మెట్టు తిరుగుతుంది. అంటే బయటికి పిస్టల్, లోపల రివాల్వర్. పేల్చినప్పుడు స్లయిడ్ వెనక్కి కొట్టుకోదు, చెయ్యి అదరదు.

ట్రిగ్గర్ రెండు రకాలుగా నొక్కొచ్చు. ఊరికే నొక్కితే ఆ ఒక్క వేలే చక్రం తిప్పాలి, వెనకనున్న సుత్తి (గ్యాస్ వాల్వ్‌ను కొట్టి తెరిచేది) ఎత్తాలి, వదలాలి. పొడుగ్గా, బరువుగా ఉంటుంది. సుత్తిని ముందే బొటనవేలితో వెనక్కి లాగి పెడితే చిన్నగా తాకినా చాలు. పది మీటర్ల దూరం నుంచి కాగితం మీద నేను కొట్టిన మంచి గుంపులన్నీ, అంటే గుండ్లు దగ్గరదగ్గరగా పడ్డవన్నీ, రెండో పద్ధతిలోనే. మొదటి పద్ధతిలో నా గుండ్లు కాగితమంతా జల్లెడ చేసేవి.

బలం సంగతి అడిగావు కదా. పొట్టి గొట్టం మోడల్ నుంచి పెల్లెట్ సెకనుకు 120 మీటర్ల వేగంతో పోతుంది, పొడుగు గొట్టానికి ఇంకాస్త ఎక్కువ. లెక్క వేస్తే మూడున్నర, నాలుగు జౌళ్ళు (జౌల్ అంటే శక్తికి కొలత). జర్మనీలో 7.5 జౌళ్ళ లోపు ఉన్నవాటి మీద పంచభుజంలో ఎఫ్ అక్షరం ముద్ర వేస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు లైసెన్సు లేకుండా కొనొచ్చు, కానీ బయట పట్టుకు తిరగకూడదు, తాళం వేసిన పెట్టెలోనే మోయాలి. అసలు తుపాకీతో పోలిస్తే ఈ బలం ఏమీ కాదు. అలాగని కంటికి తగిలితే కన్ను పోతుంది, అందులో అనుమానం లేదు.

గ్యాస్‌తో ఒక తిరకాసుంది, కడపవాడు తప్పకుండా తెలుసుకోవాలి. క్యాప్సూల్లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, దాని ఒత్తిడి వేడిని బట్టి మారుతుంది. సున్నా డిగ్రీల దగ్గర దాదాపు 35 బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి), 20 డిగ్రీల దగ్గర 57. అందుకే జర్మనీ చలికి ఇంటి వెనక షెడ్డులో కాల్చినప్పుడు పెల్లెట్ కాగితాన్ని చింపకుండా నలిపి వదిలేది. ఎనిమిదీ టకటకా కాల్చినా అంతే, క్యాప్సూల్ చల్లబడి చివరి రెండు కిందికి దిగుతాయి. మనకు తిరగబడిన సమస్య. 31 డిగ్రీలు దాటాక కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉండనే ఉండదు, ఒత్తిడి పైకి పోతూనే ఉంటుంది. మన దగ్గర మే నెల మధ్యాహ్నం 42, 43. ఒత్తిడి మరీ ఎక్కువైతే వాల్వ్‌ను సుత్తి తెరవలేక మొరాయిస్తుంది. ఎండలో ఆపిన కారులో క్యాప్సూళ్ళు వదిలేయడం ఇంకా ప్రమాదం. ఇవి మనకు కిరాణా కొట్లో దొరికేవీ కాదు. సోడా మేకర్‌కు వాడే చిన్నవి ఎనిమిది గ్రాములవి, వాటితో ఇది నడవదు. ఒక్క క్యాప్సూల్ యాభై అరవై గుండ్లకు అయిపోతుంది, అది కూడా నెమ్మదిగా కాలిస్తేనే.

ఇప్పుడు తేవద్దని ఎందుకన్నానో చెబుతా. మన దేశంలో 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం 0.177 కాలిబర్ (గొట్టం లోపలి వెడల్పు అంగుళాల్లో, అంటే 4.5 మిల్లీమీటర్లు) దాటని, 20 జౌళ్ళు మించని ఎయిర్ గన్‌కు లైసెన్సు అక్కర్లేదు. సీపీ88 ఆ లెక్కలో హాయిగా ఇమిడిపోతుంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఇంట్లో ఉంచుకోవడం వేరు, విదేశం నుంచి తేవడం వేరు. దిగుమతికి ముందే అనుమతి కావాలి, సామానుతో పాటు తెచ్చుకునే వస్తువు కాదు. గ్యాస్ క్యాప్సూళ్ళు విమానం ఎక్కనివ్వరు. ఎక్స్‌రే తెర మీద అది అచ్చం పిస్టల్‌లాగే కనబడుతుంది. పెళ్ళాం పిల్లలతో సెలవుకొచ్చిన మనిషి ఎయిర్‌పోర్టులో కూర్చుని ఇది బొమ్మ సార్ అని వివరించుకుంటూ ఉంటాడు. నేను అందుకే అక్కడే ఇచ్చేసి వచ్చా.

వచ్చాక నేను ఇక్కడ తయారైన మామూలు స్ప్రింగ్ పిస్టల్ ఒకటి కొన్నా. గొట్టం కిందికి మడిచి ఒక్కొక్క గుండే వేయాలి. గ్యాస్ గొడవ లేదు. దీంతో కూడా రెండు తప్పులు చేశా. మొదటిది, మిద్దె మీద టార్గెట్ కాగితం వెనకాల కడప బండ ఆనించా. మనకు ఏది కావాలన్నా బండే కదా, అరుగుకు బండ, అల్మారాకు బండ, దీనికీ బండే అనుకున్నా. మూడో గుండు బండకు కొట్టుకుని వెనక్కొచ్చి నా కళ్ళద్దానికి తగిలింది. అద్దం మీద గీత పడింది, అద్దం లేకపోతే ఏమయ్యేదో. ఇప్పుడు పాత బట్టలు గట్టిగా కుక్కిన గోనెసంచి పెడుతున్నా, పెల్లెట్లు లోపలే ఆగిపోతాయి.

రెండోది, మా అక్క కొడుకు నేను టీ తాగేలోపు పిట్టగోడ మీద నుంచి వీధిలోకి గురిపెట్టి నిలబడ్డాడు. స్కూటర్ మీద పోతున్న ఎవరో చూసి ఫోన్ చేశారు. గంటలో ఇద్దరు పోలీసులు ఇంటికొచ్చారు. బిల్లు చూపించా, పిస్టల్ గొట్టం మడిచి చూపించా. మర్యాదగానే మాట్లాడి పోయారు. కానీ వీధి వీధంతా వాకిళ్ళలో నిలబడి చూస్తుంటే మా అమ్మ ముఖం చూడాలి. సీమ అనగానే బయటివాళ్ళు సినిమాలు గుర్తు చేసుకుంటారని మనమే విసుక్కుంటాం, ఆ రోజు మా వీధికి నేనే సినిమా చూపించా. నాది బొమ్మలా ఉన్న స్ప్రింగ్ పిస్టల్ కాబట్టి అంతటితో పోయింది. సీపీ88 అయ్యుంటే ఆ వివరించడం ఎక్కడ జరిగేదో ఆలోచించు.

గురి నేర్చుకోవడానికి సీపీ88 పనికొస్తుందా అంటే, సరదాకి చాలా బాగుంటుంది, నేర్చుకోవడానికి అంతగా కాదు. పది మీటర్ల పోటీ పిస్టల్ చూడు, ఏ తుపాకీకీ పోలిక ఉండదు. చెక్క పిడి చేతికి తొడిగినట్టుంటుంది, ట్రిగ్గర్ నొక్కడానికి కావాల్సిన బలం కనీసం 500 గ్రాముల బరువంత ఉంటే చాలు, దానికి దగ్గరగానే పెట్టుకుంటారు. మన హైదరాబాద్ అమ్మాయి, షూటర్ ఈషా సింగ్ కాల్చేది అలాంటిదే. నీకు కావాల్సింది ఆ దారైతే, ముందు ఇక్కడి మామూలు 0.177 పిస్టల్ బిల్లుతో కొనుక్కో, నీ గుర్తింపు కార్డు కాపీ తీసుకునే దుకాణంలోనే కొను. పిట్టల మీద, కోతుల మీద మాత్రం ప్రయోగాలు వద్దు. కేసవుతుంది, అంతకుముందు పాపం అవి ఏం చేశాయి.

బావ ఏదో ఒకటి తెస్తానని పట్టుబడితే కాగితపు టార్గెట్లు తెమ్మను. పది మీటర్ల పిస్టల్‌వి, పదో నంబర్ వలయం 11.5 మిల్లీమీటర్లు ఉండేవి. జర్మనీలో కట్టలు కట్టలుగా దొరుకుతాయి. ఆ అట్టకు పెల్లెట్ తగిలితే అంచు చిరగకుండా గుండ్రంగా తెగుతుంది, లెక్క పెట్టుకోవడం తేలిక. నేను తెచ్చుకున్నవి అయిపోయి ఇప్పుడు ఫొటోకాపీ కాగితం మీద కాలుస్తున్నా, ఒక్కో చిల్లూ నక్షత్రంలా చిరుగుతోంది. వీలైతే నాకూ ఒక కట్ట తెమ్మని చెప్పు, డబ్బులు పంపిస్తా.