బెల్ నొక్కితే ఎంతసేపటికి వస్తారో చూడు

చిన్నా,

మీ అమ్మకి, అదే నా చెల్లికి, తుంటి ఆపరేషన్ బాగా జరిగిందని విన్నాక గానీ నాకు అన్నం సయించలేదు. ఆసుపత్రి కేస్ మేనేజర్, ఆపరేషన్ తర్వాత కోలుకునేదాకా ఉంచే రిహాబ్ సెంటర్ల లిస్టు చేతిలో పెట్టి, రేపటికల్లా పేరు చెప్పమందన్నావు. మీ పెదనాన్నకి పక్షవాతం వచ్చినప్పుడు నాకూ అలాగే ఇచ్చారు. ఇంటికి దగ్గరని, లాబీ శుభ్రంగా, పూలతో కళకళలాడుతోందని మొదటిదే ఒప్పేసుకున్నాను. పదో రోజుకి ఆయన మడమ మీద పుండు పడింది. ఆ కాలు ఆయన కదపలేడు, వేళకి వచ్చి కదిపేవాళ్ళు లేరు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. నీకు ఆ బాధ రాకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. చెల్లిది ఇక్కడ అమెరికాలో పెద్దవాళ్ళకి ప్రభుత్వమే ఇచ్చే బీమా, మామూలు మెడికేరే కదా, ఆసుపత్రిలో తనని ఇన్‌పేషెంట్‌గా చేర్చుకున్నారా, లేక చేర్చుకున్నట్టు రాయకుండా గమనించడానికని అబ్జర్వేషన్‌లో ఉంచారా అని అడుగు. మామూలుగా వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉంటేనే మెడికేర్ రిహాబ్ ఖర్చు భరిస్తుంది. అబ్జర్వేషన్ రోజులు లెక్కలోకి రావు. మొదటి 20 రోజులకి మనం కట్టేది ఉండదు, 21 నుంచి 100వ రోజు వరకు రోజుకింత అని కట్టాలి.

మెడికేర్ వాళ్ళ కేర్ కంపేర్ సైట్‌లో ఒక్కో సెంటర్‌కి 5 దాకా స్టార్లు ఉంటాయి. మొత్తం మీద ఎన్ని స్టార్లో చూసి ఊరుకోకు. అందులోనే తనిఖీలకి, సిబ్బందికి, క్వాలిటీకి విడివిడిగా స్టార్లు ఇస్తారు. క్వాలిటీ లెక్కల్లో చాలావరకు సెంటర్లు తమ గురించి తాము పంపుకునేవే. తనిఖీలకి మాత్రం రాష్ట్రం మనుషులు చెప్పకుండా వస్తారు. సిబ్బంది గంటలు జీతాల రికార్డుల నుంచి తీస్తారు. నేనైతే ఆ రెండే నమ్ముతాను. శని, ఆదివారాల్లో నర్సులు ఎంతమంది ఉంటున్నారో కూడా అక్కడే తెలుస్తుంది, తప్పకుండా చూడు.

తర్వాత స్వయంగా వెళ్ళు. పగటిపూట వాళ్ళు దగ్గరుండి అంతా చూపిస్తారు, అది సరే. అదే రోజు రాత్రి ఏడింటికి, భోజనాలయ్యే వేళకి మళ్ళీ వెళ్ళి, వరండాలో ఒక కుర్చీలో కూర్చో. ఎవరైనా బెల్ నొక్కితే గది తలుపు మీద లైటు వెలుగుతుంది. అప్పుడు గడియారం చూసుకో. ఎయిడ్, అంటే పేషెంట్లకి దగ్గరుండి సాయం చేసే మనిషి, ఎంతసేపటికి వెళ్ళింది? వెళ్ళి పని చేసిందా, లైటు ఆర్పేసి వచ్చేసిందా? మంచం పక్కన నీళ్ళ గ్లాసు చేతికందేలా ఉందా? చక్రాల కుర్చీల్లో తలలు వాల్చేసి ఎంతమంది కూర్చున్నారు? ఆ వాసన, ఆ కేకలు కూడా గమనించు. ఒక ఎయిడ్‌ని ఆపి, "ఈ పూట మీకు ఎంతమంది పేషెంట్లు?" అని మర్యాదగా అడుగు. వాళ్ళు దాచరు, పాపం, వాళ్ళ కష్టం వాళ్ళది.

ఈ బెల్ సంగతి ఇంతలా ఎందుకు చెప్తున్నానంటే, మీ అమ్మ సంగతి నాకు తెలుసు. బాత్రూముకి తీసుకెళ్ళమని పరాయివాళ్ళని ఇంగ్లీషులో అడగడానికి మొహమాటపడి నీళ్ళు తాగడం మానేస్తుంది. లేకపోతే తనే లేవబోయి మళ్ళీ పడుతుంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఫోన్‌లో ఎలా పిలుస్తారో వాళ్ళని చేసి చూపించమను. నొప్పి, నీళ్ళు, బాత్రూము అని బొమ్మలతో ఒక అట్ట రాసి మంచానికి కట్టు. శాకాహారం అంటే ఉడికించిన క్యారెట్లు, బంగాళాదుంప పెట్టి సరిపెడతారు. ఆపరేషన్ గాయం మానాలంటే ప్రోటీన్ కావాలి కాబట్టి పప్పు, పెరుగు ఇంటి నుంచి తేనిస్తారా అని డైటీషియన్‌ని అడుగు. ఫిజియో వారానికి ఎన్ని రోజులో కూడా కనుక్కో.

చేర్చేటప్పుడు కాగితాల కట్ట ఇస్తారు. బిల్లుకి నీ సొంత డబ్బుతో పూచీ పడమని వాళ్ళు షరతు పెట్టకూడదు. గొడవొస్తే కోర్టుకి వెళ్ళనని రాసిచ్చే ఆర్బిట్రేషన్ కాగితం మీద కూడా సంతకం తప్పనిసరి కాదు. అప్పుడే పెట్టేసినా, 30 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు.

లిస్టులో రెండైనా చూశాక నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా సరే, మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ