బండి తాళం మీ దగ్గర, పద్దు వాడి దగ్గర

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. నేను జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి వెళ్తాను. మా ఆయన చెన్నైలో బిల్డింగ్ పనుల్లో ఉంటారు, పండగలకే వస్తారు. మా బాబుకి పదహారేళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ ఫీజుకని ఇచ్చిన 2,500 రూపాయలు ఫ్రెండ్స్‌తో తిరిగి ఖర్చు పెట్టేశాడు. వాళ్ల నాన్నకి తెలిస్తే గొడవవుతుందని డ్వాక్రాలో అప్పు తెచ్చి నేనే కట్టేశాను. మొన్న మా తమ్ముడి బండి చెప్పకుండా తీసుకెళ్లాడు. వీడూ, ఇద్దరు ఫ్రెండ్సూ ముగ్గురూ దాని మీదే బారువ బీచ్‌కి వెళ్లి, వస్తూ పడ్డారు. మోచేతులు గీరుకుపోయాయి. అడిగితే కాలేజీలో పడ్డానన్నాడు. విశాఖలో గట్టిగా చూసే హాస్టల్లో వేసేద్దామా? ఏటి సెయ్యాలో తోచడం లేదు మేడమ్.

జవాబు: అమ్మా, లారీలు ఆగకుండా తిరిగే ఆ హైవే మీద ముగ్గురు పిల్లలు ఒక్క బండి మీద వెళ్లారని చదవగానే నా గుండె కూడా ఝల్లుమంది. మోచేతులతో పోయింది, అదే పదివేలు.

హాస్టల్ మాత్రం ఇప్పుడు వద్దు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు చదవాలో ఇంట్లో మీరు చెబుతున్నారు, అక్కడ వార్డెన్ చెబుతాడు. అంతే తేడా. ఇంటర్ అయిపోయి బయటికొచ్చేనాటికి కూడా, తానుగా ఒకటి అనుకుని, చేసి, దాని ఫలితం తానే పడ్డ అనుభవం వాడికి ఉండదు. మీ బాబుకి కరువైంది ఆ అనుభవమే అని నాకనిపిస్తోంది.

మీరు ఫ్యాక్టరీలో చేరిన మొదటి వారం గుర్తు చేసుకోండి. పొట్టు తీస్తుంటే మీ చేతిలో ఎన్ని పప్పులు విరిగి ఉంటాయి! విరిగిన పప్పుకి ధర తక్కువని తెలిశాకే కదా వేళ్లకి ఒడుపొచ్చింది. విరిగినవన్నీ ఎవరో చాటుగా ఏరేసి, వాటి చోట మంచివి పెట్టేస్తూ ఉంటే మీకు ఆ పని వచ్చేదా? ఆ 2,500 విషయంలో మీరు చేసింది అదే. కడుపుతీపితో చేశారు, నేను తప్పు పట్టను. కానీ డబ్బు పోయినా ఏమీ కాదన్నదే వాడికి అర్థమైంది.

డ్వాక్రా పుస్తకం తీసి వాడి ముందు పెట్టండి. "ఈ అప్పు నీ ఫీజు కోసం తెచ్చాను. నెలనెలా కడుతున్నాను. నీ చేతిఖర్చులోంచి ఎంతిస్తావు?" అని అడిగి ఊరుకోండి. అంకె వాడి నోటి నుంచే రావాలి. వంద అన్నా సరే, ఒప్పుకోండి. ఒప్పుకున్నాక మాత్రం ఒక్క నెల కూడా వదలొద్దు. రాసుకునే పద్దు వాడిదే.

విజయనగరంలో ఒక కుటుంబం నా దగ్గరికి వచ్చేది. పైడితల్లమ్మ పండగ బట్టలకని పదిహేనేళ్ల కుర్రాడి చేతిలో 1,500 పెట్టారు. వాడు తిన్నగా వెళ్లి 1,200 పెట్టి బూట్లు కొన్నాడు. మిగిలిన మూడు వందలకి నచ్చిన చొక్కా రాలేదు. తల్లి పర్సు తీయబోతే తండ్రి కళ్లతోనే వద్దన్నాడట. సిరిమానోత్సవం రోజు ఆ పిల్లాడు కొత్త బూట్లు, పాత చొక్కాతో తిరిగాడు. ఎవరూ దెప్పలేదు, అదే గొప్ప సంగతి. సంక్రాంతికి వాడే మూడు కొట్లు తిరిగి ధరలు కనుక్కుని వచ్చాడు.

అయితే అన్నీ ఇలా వదిలేయమని కాదు. చొక్కా తప్పితే పండగ చిన్నబోతుంది, బండి తప్పితే మనిషే పోతాడు. అలాంటివి వాడి చేతికి ఇవ్వకూడదు. గేరు బండికి 18 నిండాలి. మైనరు బండి నడిపి దొరికితే 2019లో సవరించిన చట్టం ప్రకారం తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దవుతుంది. కుర్రాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. ఇది మీ తమ్ముడికి ఈ రోజే చెప్పండి. తాళం గోడ మేకుకి వేలాడకూడదు.

ఇంకొకటి. వాడు ఒంటరిగా ఉంటే ఆ బండి తీసేవాడు కాదేమో. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టెయిన్‌బర్గ్ అనే పరిశోధకులు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. పక్కన స్నేహితులు చూస్తుంటే టీనేజీ పిల్లలు చాలా ఎక్కువ తెగించారు. పెద్దవాళ్లలో అంత తేడా రాలేదు. తప్పని తెలిసినా, నలుగురిలో "రాను" అనడానికి వాడికి నోరు రాదు. ఆ నోరు మీరివ్వండి. ఇబ్బందిలో పడితే మీకు మిస్డ్ కాల్ ఇమ్మనండి. మీరు వెంటనే ఫోన్ చేసి, పక్కవాళ్లకి కూడా వినపడేలా "మావయ్య పిలుస్తున్నాడు, ఇప్పుడే రా" అని కేకేయండి. ఆ రాత్రికి ఆరాలు వద్దు. అన్నం పెట్టి పడుకోబెట్టండి, పొద్దున్న మాట్లాడుకోవచ్చు.

అబద్ధం ఎందుకాడాడో మీ ఉత్తరంలోనే ఉంది. నాన్న దగ్గర డబ్బు విషయం మీరు దాచారు, దెబ్బ విషయం మీ దగ్గర వాడు దాచాడు. ముందు ఆయనకి మీరే ఫోన్ చేసి, అప్పు మాట ఒప్పుకోండి. కోప్పడతారు, పడనివ్వండి. ఆ కోపం చల్లారాక, ఆదివారం పని లేని వేళ వీడియో కాల్‌లో బాబుని కూర్చోబెట్టండి. బారువ సంగతి వాడే చెప్పాలి. మధ్యలో వాడు ఆగిపోతే మీరు అందుకోవద్దు, ఆయన్నీ అందుకోవద్దనండి. ఐదు నిమిషాలైనా సరే, వాడు మళ్లీ మొదలుపెట్టేదాకా ఆగండి.