కోళ్లకు నట్టల మందు వేసే ముందు

చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

నీ పెట్టల్లో ఒకదాని రెట్టలో పొడవాటి తెల్లటి పురుగు కనబడిందనీ, ఈ ఆదివారం మందకంతటికీ నువ్వే స్వయంగా మందు వేయబోతున్నావనీ మీ నాన్న చెప్పాడు. పొద్దున్నే గూడు తెరవగానే రెట్టలు పరిశీలించే అలవాటు చేసుకున్నావని విని ఎంతో పొంగిపోయాను, కోళ్లు పెంచేవాళ్లలో చాలామందికి ఏళ్లు గడిచినా ఆ ఓపిక రాదు. కానీ ఆ మందు పేరేమిటి, ఏ పురుగుకు, ఎంత మోతాదు అని అడిగితే వాడు ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయేసరికి నా మనసు నిలవలేదు. మందు సీసా మూత తీసే ముందే ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

నువ్వు చూసిన పురుగు అయిదు నుంచి పన్నెండు సెంటీమీటర్ల పొడవుండి, గుండ్రంగా, రెండు కొనలూ సన్నబడి ఉంటే అది ఏలికపాము. రెట్ట మీద బియ్యపు గింజల్లా చదునైన తునకలు కదులుతుంటే అవి బద్దెపురుగువి. పేగుల చివరనున్న రెండు గుడ్డి సంచుల్లో చేరే సన్నటి పురుగులు సెంటీమీటరుకు అటూఇటూ ఉంటాయి, కోడికి పెద్దగా హాని చేయకపోయినా టర్కీ కోళ్లను చంపే ఒక జబ్బును మోసుకొస్తాయి. ఇవిగాక వెంట్రుకంత సన్నటి పురుగులున్నాయి. అవి కంటికి ఆనవు, కానీ కొద్దిపాటివే ఉన్నా కోడిని బాగా చిక్కిపోయేలా చేస్తాయి. అన్నిటికీ మనం నట్టలనే ఒకే పేరు పెట్టుకున్నంత మాత్రాన అన్నిటికీ ఒకే మందు సరిపోదు. పిపరజీన్ ఎదిగిన ఏలికపాములను మాత్రమే బయటకు తోస్తుంది. ఫెన్‌బెండజోల్ ఏలికపాముల మీదా, గుడ్డి సంచుల్లోని పురుగుల మీదా పనిచేస్తుంది. బద్దెపురుగుకు ప్రాజిక్వాంటెల్ వంటి వేరే మందు కావాలి. అందుకని ముందుగా నాలుగైదు కోళ్ల తాజా రెట్టలను విడివిడిగా తీసి, పశువైద్యుడి చేత సూక్ష్మదర్శినిలో చూపించు. రెట్టను చిక్కటి ఉప్పునీటిలో కలిపితే పురుగుల గుడ్లు పైకి తేలుతాయి, వాటి ఆకారాన్ని బట్టి ఏ జాతివో ఆయన చెప్పగలడు. ఒక్క పురుగును చూసి మందు నిర్ణయించుకోవడం నాకు బొత్తిగా నచ్చలేదమ్మా.

కోళ్లను తూచి మోతాదు లెక్కగట్టడం, మందు కలిపిన నీళ్లు తప్ప వేరే నీళ్లు అందకుండా చూడడం, ఎన్ని రోజులు గుడ్లూ మాంసమూ వాడకూడదో అడిగి రాసి పెట్టుకోవడం నీకు తెలిసిన పనులే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. నీరసించిన కోడి నీళ్లు సరిగా తాగదు, బలమైనవి దాన్ని తొట్టి దగ్గరకు రానివ్వవు. మందు అవసరం ఎక్కువగా ఉన్నదానికే మందు అందకుండా పోతుంది. అలాంటిదాన్ని విడిగా పట్టుకుని, ముక్కు పక్కనుంచి ఒక్కో చుక్క వదులుతూ, అది మింగాకే రెండోది వెయ్యి. కోడి నాలుక మొదట్లో ఊపిరి గొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది. తొందరపడి గొంతులోకి ఒంపితే మందు కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇక నన్ను ఈ ఉత్తరం రాయించిన సంగతికి వస్తాను. మీ తాతయ్య కోళ్ల విషయంలో ఎంత జాగ్రత్తపరుడో నీకు తెలియదు, నువ్వు పుట్టేనాటికే ఆయన కోళ్లు మానేశాడు. ఒక వానాకాలంలో ఆయన మంద మొత్తానికి నట్టల మందు వేశాడు. మర్నాడు రెట్టల్లో ఏలికపాములు కుప్పలుగా పడ్డాయి, మందు బాగా పనిచేసిందని ఇంటిల్లిపాదీ సంతోషించాం. వారం తిరిగేసరికి, నెల దాటిన పిల్లలు కొన్ని ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, తల్లి కింద దూరలేక ఒక మూల ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. వాటి రెట్టల్లో ఎర్రటి జీర కనబడింది. లోపల మిగిలిన నట్టలే పేగులను కొరుకుతున్నాయని మా నాన్న అనుకుని అదే మందు మళ్లీ వేశాడు. తగ్గకపోతే ఇంకోసారి వేశాడు. నాలుగు రోజుల్లో ఆ విడత పొదిగిన పిల్లల్లో సగం పోయాయి. చివరికి వైద్యుడు వచ్చి చచ్చిన పిల్ల ఒకదాన్ని మా ముందే కోశాడు. గుడ్డి సంచులు రెండూ ఉబ్బి ముదురు ఎరుపు రంగులో ఉన్నాయి, ఆయన ఒకదాన్ని చీల్చగానే లోపల గడ్డకట్టిన నెత్తురు తప్ప ఒక్క పురుగైనా లేదు. అది రక్తపారుడు, కాక్సీడియోసిస్ అంటారు చూడు, అదన్నమాట. దాన్ని కలిగించేది పురుగు కాదు, కంటికి కనబడని ఏకకణ జీవి. ఏ నట్టల మందూ దానికి పనిచేయదు. ఆంప్రోలియం వంటి మందు మొదటి రోజునే నీళ్లలో పడి ఉంటే చాలా పిల్లలు దక్కేవని ఆయన అన్నాక నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మందు వేయడంలో ఆయన ఆలస్యం చేయలేదు, అశ్రద్ధా చూపలేదు. మొదటిసారి పురుగులు పడడం కళ్లారా చూశాడు కాబట్టి, రెండోసారి వచ్చిన జబ్బు వేరే ఉండొచ్చన్న అనుమానమే ఆయనకు రాలేదు.

అందుకే మరీ మరీ చెబుతున్నాను. పిల్లల రెట్టలో నెత్తురు కనబడితే నట్టల సీసా జోలికి పోకుండా ఆ రోజే పశువైద్యుడికి చూపించు. ముఖ్యంగా మూడు నుంచి ఆరు వారాల వయసు పిల్లల విషయంలో ఒక్క రాత్రి కూడా ఆగవద్దు. ఆంప్రోలియం ఇస్తున్నన్నాళ్లూ బలానికని బి1 విటమిన్ కలపకు. ఆ మందు పనిచేసేదే ఆ విటమిన్‌ను ఆ జీవికి అందకుండా చేసి కాబట్టి, నువ్వు కలిపేకొద్దీ మందు ప్రభావం తగ్గిపోతుంది.

మందుతో సగం పనే అవుతుంది, మిగిలిన సగం నేల దగ్గర ఉంది. ఏలికపాము గుడ్లు రెట్టతో నేల మీద పడ్డాక వెచ్చదనం, తేమ ఉంటే రెండు మూడు వారాల్లో కోడికి సోకే స్థితికి వస్తాయి. రక్తపారుడు తెచ్చే ఆ ఏకకణ జీవి, కాక్సీడియా, గుడ్లకైతే ఒకటి రెండు రోజులే చాలు. పెద్ద కోళ్ల గూడు వారానికోసారి ఊడ్చినా కొంత నయమే కానీ, పిల్లలున్న చోట వారం అంటే చాలా ఆలస్యం. మామూలు క్రిమిసంహారకాలు చల్లినా ఈ గుడ్లు చావవు. ఎండ, పొడితనం వాటికి పడవు, కాబట్టి మందు వేసిన రోజుల్లో గూట్లో కింద పరిచిన పొట్టంతా తీసేసి, నేలను ఎండబెట్టి, కొత్తది పరుచు. నాకన్నిటికన్నా భయం నీళ్ల తొట్టి చుట్టూ ఉండే తడి మన్నుతోనే. పిల్లలు దాహానికి వచ్చి అక్కడే కెలుకుతూ నిలబడతాయి, రెట్ట కూడా అక్కడే వేస్తాయి. తొట్టిని కాస్త ఎత్తున పెట్టి, కింద నీరు నిలవకుండా చెయ్యి. పిల్లల్ని పెద్ద కోళ్లు తిరిగే నేల మీద కాక విడిగా పెంచు, ఎందుకంటే ఎదిగిన కోడి పురుగులున్నా తట్టుకుని మామూలుగా తిరుగుతూ వాటి గుడ్లను నేలంతా చల్లుతుంది. మూడు నెలలు నిండని పిల్ల అదే పురుగులతో ఎదుగుదల ఆగి కుదేలైపోతుంది. బద్దెపురుగు తేలితే మాత్రం ఊడ్చినంత మాత్రాన సరిపోదు. అది చీమలు, ఈగలు, పెంకుపురుగుల కడుపులో పెరిగి, వాటిని తిన్న కోడికి చేరుతుంది కాబట్టి, పాత పొట్టు కుప్పలు గూటికి దూరంగా ఉండాలి.

నిన్ను కోప్పడ్డాననుకోకు తల్లీ. మీ తాతయ్యకున్న చేతి నేర్పు నీలో కనబడుతోందని మీ నాన్న మురిసిపోతూ చెప్పాడు, వింటున్న నాకూ అదే ఆనందం. మందు పూర్తయిన పది నుంచి పద్నాలుగు రోజుల మధ్య అవే కోళ్ల రెట్టలు మళ్లీ పరీక్ష చేయించు. పురుగుల గుడ్ల సంఖ్య తగ్గకపోతే మోతాదు తక్కువైందో, ఆ మందుకు పురుగులు లొంగడం లేదో వైద్యుడు చూడాలి గాని, నువ్వు మోతాదు పెంచవద్దు. ఎర్ర పెట్టను పొదగేస్తానన్నావట, ఆ రెండో పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగు. ఇరవై ఒక్క రోజులకు పిల్లలు దిగుతాయి, అప్పటికి వాటి కోసం విడిగా ఎండిన చోటు సిద్ధంగా ఉండాలి. ఆదివారం మందు వేయడం వాయిదా వేశావని ముందు నాకు ఫోను చెయ్యి, పరీక్ష కాగితం అందగానే దాని ఫొటో పంపు.

ఇట్లు,
నీ మేనత్త