తుప్పు పట్టిన అంబాసిడర్‌ను ఇంట్లోనే బాగుచేయబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

మీ నాన్న, అదే మా బావగారి బండిని మళ్ళీ రోడ్డెక్కించాలని, షెడ్డుకి ఇవ్వకుండా ఇంటిల్లిపాదీ కలిసి చేసుకోవాలని రాశావు. చాలా సంతోషించాను. నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. రంగు వెలిసిపోయిందని, సీట్లు చిరిగాయని నీకు దిగులు. నా దిగులంతా ఫొటోల్లో కనబడని చోట్ల గురించి.

అంబాసిడర్‌కి లారీలా విడిగా ఛాసిస్, అంటే అడుగున బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన డిజైన్ అది. బరువంతా బాడీయే మోస్తుంది. తలుపుల కింద ముందు నుంచి వెనక్కి పోయే బోలు రేకు పెట్టెలు, కాళ్ళు పెట్టుకునే ఫ్లోరు, వెనక స్ప్రింగు పట్టీలు బిగించే చోటు, ఇవి గట్టిగా ఉంటేనే అది బండి. కాబట్టి ముందు అడుగు భాగం, తర్వాత బ్రేకులు, ఇంజను, ఆఖర్న రంగు. ఈ వరస ఎవరు చెప్పినా మార్చకు. చాలామంది ముందు ఇంజను స్టార్ట్ చేసి, ఆ ఉత్సాహంలో రంగు వేయిస్తారు. రెండేళ్ళలో తలుపు కింద రేకు రాలిపోతుంది.

మొదట మ్యాట్లు, సీట్లు, డిక్కీలో గుడ్డలు అన్నీ తీసేయండి. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే మంచి రేకు ఖంగుమంటుంది, తుప్పు తిన్నది బొదబొదమంటుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడు. దిగబడితే ఆ రేకు కోసేయాల్సిందే. పిల్లలకి చెరో అయస్కాంతం, సుద్దముక్క ఇవ్వు. అయస్కాంతం పట్టని చోట పాత పుట్టీ మందంగా ఉన్నట్టు. అక్కడ సుద్దతో గుండ్రం గీయమను. ఇది ఆటగా కాదు, నిజం పనిగానే అప్పజెప్పు. వాళ్ళు గీసిన గుర్తులను బట్టే నువ్వు రేకు కోయాలి. తాము చేసింది లెక్కలోకి వస్తోందని తెలిస్తేనే పిల్లలు రెండో ఆదివారం కూడా వస్తారు.

మీ సోంపేటలో ఇంకో చిక్కు ఉంది. బారువ తీరం నుంచి ఉప్పుగాలి ఎప్పుడూ కొడుతూనే ఉంటుంది. పైగా 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి షెడ్డు రేకులు లేపేశాక బండి చాలాకాలం టార్పాలిన్ కింద ఉంది. టార్పాలిన్ వానను ఆపుతుంది గానీ కింద నుంచి లేచే చెమ్మను బయటికి పోనివ్వదు. ఆ ఉప్పు తుప్పు గుంటల్లో చేరి కూర్చుంటుంది. గ్రైండర్ వేస్తే పైన మెరుస్తుంది, గుంట అడుగున ఉప్పు అలాగే ఉంటుంది. దాని మీద ప్రైమర్ కొడితే వానాకాలం దాటేసరికి బుడగలు లేస్తాయి. అందుకని వైర్ బ్రష్ వేశాక మంచినీళ్ళతో కడగాలి, మళ్ళీ బ్రష్ వేయాలి, మళ్ళీ కడగాలి. మీ బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కడగొద్దు. ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, తుప్పును మార్చే ఫాస్ఫారిక్ యాసిడ్ మందు రాసి, డబ్బా మీద రాసినట్టు చేసి, వెంటనే ప్రైమర్ వేసేయండి. రాత్రంతా ఒట్టి ఇనుముగా వదిలేస్తే తెల్లారేసరికి పసుపు తిరిగిపోతుంది.

కన్నం పడ్డచోట ఫైబర్, పుట్టీ పెట్టి మూసే పని మాత్రం చేయొద్దు అల్లుడూ. రేకు వెనక తుప్పు లోపల్లోపల తింటూనే ఉంటుంది. మంచి ఇనుము కనబడేదాకా కోసి, అదే మందం కొత్త రేకు అతికించాలి. ఈ వెల్డింగ్ ఒక్కటీ మీరు చేసే పని కాదు. మామూలు ఆర్క్ వెల్డింగ్ ఆ పల్చటి రేకును కాల్చి కన్నాలు పెడుతుంది. సన్న తీగ, గ్యాసుతో చేసే మిగ్ వెల్డింగ్ తెలిసిన టింకర్‌ని ఇంటికి పిలిపించుకో. అతను రాకముందే బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు తీసి దూరంగా పెట్టండి. ఖాళీ ట్యాంకు కదా అనుకోవద్దు. నిండు ట్యాంకు కంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం. తలుపుల కింద పెట్టె కోసేటప్పుడు ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు ముట్టుకోమను. తలుపు సందులో అడ్డంగా ఇనుప బద్ద టాకా వేయించు. లేకపోతే బాడీ కుంగి, తర్వాత తలుపులు పడవు.

జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పెట్టడం కూడా వద్దు, అవి ఒక్కసారిగా పగిలిపోతాయి. ఇనుప స్టాండ్లు నాలుగు కొను. ఖర్చు తగ్గించుకోవాలంటే సీట్ల గుడ్డ దగ్గర తగ్గించు.

పాత రంగులో సీసం ఉండొచ్చు. గరుకు కాగితం పొడిగా రుద్దొద్దు, నీళ్ళతో తడిపి రుద్దండి. ఆ పనప్పుడు పిల్లలు దగ్గర ఉండకూడదు. బ్రేకు డ్రమ్ములు విప్పినప్పుడు ఆ దుమ్మును గాలితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

మరి పిల్లలకీ అక్కకీ ఏం మిగిలిందంటావా? బోలెడంత. విప్పే ప్రతి బోల్టుకీ కవరు, కవరు మీద చీటీ, విప్పేముందు ఫోన్లో ఫొటో. ఈ లెక్క పెద్దమ్మాయికి అప్పజెప్పు, ఆమె ఒప్పుకోందే ఏదీ విప్పొద్దు. చిన్న ఇనుప సామాన్లను నిమ్మ ఉప్పు నీళ్ళలో రాత్రంతా నానబెడితే తుప్పు మెత్తబడుతుంది. ఇత్తడి సామాన్లు చింతపండుతో అక్క తోమిందంటే ఏ పాలిషూ అక్కర్లేదు. కొంచెం పెద్ద ముక్కలకి చాకలి సోడా కలిపిన నీళ్ళ తొట్టె, బ్యాటరీ ఛార్జర్ చాలు. తుప్పు ముక్కకు మైనస్, పనికిరాని మామూలు ఇనుప ముక్కకు ప్లస్. స్టీలు గరిటెలు, ప్లేట్లు ప్లస్‌కి పెట్టొద్దు, విషం పుడుతుంది. ప్లాస్టిక్ తొట్టెలో, ఆరుబయట, నిప్పు దగ్గర లేకుండా చెయ్యి. తీగలు నువ్వే తగిలించు, పిల్లలు చూస్తూ ప్రశ్నలడుగుతారు.

ఇంజను పట్టేసి ఉంటుంది. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త పల్చటి ఆయిలు పోసి కొన్నాళ్ళు వదిలెయ్. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి అటూ ఇటూ మెల్లగా కదుపు. బలవంతం చేయకు. ట్యాంకులో పాత పెట్రోలు జిగురైపోయి ఉంటుంది, కడిగించు. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది చెమ్మ పీలుస్తుంది, పాత రబ్బరును పాడుచేస్తుంది. పైపులన్నీ దానికి తట్టుకునేవి కొత్తవి వేయించు.

సామాన్ల గురించి భయం లేదు. మీరు హౌరా–చెన్నై లైను మీదే ఉన్నారు. అటు కలకత్తా మల్లిక్ బజార్, ఇటు చెన్నై పుదుపేట. పాత ముక్క చేతిలో పట్టుకుని వెళ్ళు, ఫొటో చూపించి తేకు.

రంగు జనవరి తర్వాత, ఎండలు బాగా ముదరకముందు వేయించు. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు వేస్తే తెల్లగా పాలిపోతుంది. మామూలు ప్రైమర్ చెమ్మను పీలుస్తుంది కాబట్టి ఒట్టి ప్రైమర్ మీద బండిని వానాకాలం ఉంచొద్దు. గట్టిపడే మందు కలిపి కొట్టే పీయూ (పాలీయూరిథేన్) రంగు ఇంట్లో వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు చెడ్డది. దాన్ని రంగులు కొట్టే బూత్‌లోనే వేయించాలి. రంగయ్యాక బోలు పెట్టెల్లోకి మైనపు స్ప్రే కొట్టించు. అడుగున నీళ్ళు పోయే చిన్న కన్నాలు మూసుకుపోకుండా చూడు.

ఇక కాగితాలు. బావగారి బండి 1972 మోడల్. అంటే 50 ఏళ్ళు దాటింది. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ బండిగా రిజిస్టర్ చేసుకోవచ్చు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళకి చెల్లుతుంది, నెంబర్లో వీఏ అని వస్తుంది. కానీ రోజువారీ తిరగడానికి ఒప్పుకోరు. ఇంజను, బాడీ అసలువే ఉండాలి కాబట్టి డీజిలు ఇంజను పెట్టిద్దామన్న మీ తమ్ముడి ఆలోచన మానేయమను. రోజూ నడపాలనుకుంటే మామూలు ఆర్‌సీనే రెన్యూవల్ చేయించుకోవాలి. ఏ దారో సామాన్లు కొనకముందే తేల్చుకో.

పాత ఆర్‌సీ బావగారి ఇనుప పెట్టెలో ఉండాలి. అక్కని వెతకమను. దొరికితే ఇంజను మీద ఉన్న నెంబరు దాంతో సరిపోతోందో లేదో చూసి, రెండింటి ఫొటోలూ నాకు పంపు. ఆ తర్వాతే స్పానర్ పట్టు.

ఇట్లు,
మీ మావయ్య
విజయనగరం