అన్నిటినీ పీడీఎఫ్ చేసేస్తే పని అయిపోదు

వేల కొద్దీ పాత ఫైళ్లను డాక్యుమెంట్ మేనేజ్‌మెంట్ సిస్టంలోకి (కాగితాలు, ఫైళ్లు దాచి, వెతికి తీసుకునే సాఫ్ట్‌వేర్‌లోకి) ఒకేసారి ఎక్కించాలి, ముందు అన్నిటినీ పీడీఎఫ్‌లోకి మార్చుకోవాలా అని అడిగారు. మార్చుకోండి, అసలు ఫైళ్లను మాత్రం చెరపకండి. చేతులు కాల్చుకున్నవాణ్ణి చెబుతున్నాను.

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర నాకు డీటీపీ దుకాణం ఉండేది. రాజాం నుంచి ఒక కార్యాలయం వారు హార్డ్ డిస్క్ తెచ్చి ఇచ్చారు, అందులోని పాత ఫైళ్లను ఇలాగే సిస్టంలోకి ఎక్కించమని. ఎక్కించడం మొదలుపెట్టిన గంటలోనే ఆరు వందల ఫైళ్లు తిరిగొచ్చాయి. పేర్లు చూస్తే అన్నీ పీడీఎఫ్‌లే. ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. అసలైన పీడీఎఫ్ శాతం గుర్తుతో మొదలై, వెంటనే పీడీఎఫ్ అన్న ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. ఇందులో రెండు ఐలు, పక్కన నక్షత్రం గుర్తు. అంటే అది టిఫ్ అనే రకం బొమ్మ ఫైలు. ఎవరో పుణ్యాత్ముడు పేరులో చుక్క తరువాతి భాగం మార్చేసి చేతులు దులుపుకున్నాడు. ఉప్పు డబ్బా మీద పంచదార అని రాస్తే పాయసం తియ్యగా వస్తుందా?

అది సులువుగానే సర్దుకుంది. అసలు దెబ్బ తరువాత తగిలింది. గుమాస్తా గారు 'శిస్తు' అని వెతికి, "ఒక్కటీ రాలేదు బాబూ" అన్నారు. తెర మీద పేజీ నిండా శిస్తే! ఆ వరుసను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికిస్తే ఇంగ్లిషు అక్షరాలు, కొక్కేలు, కామాలు పడ్డాయి. ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ సొంత నంబరు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ వాళ్లం చాలా ఏళ్లు ఇంగ్లిషు అక్షరాల గడుల్లో తెలుగు బొమ్మలు కూర్చిన ఫాంట్లతోనే నెట్టుకొచ్చాం. పీడీఎఫ్ ఆ బొమ్మను పదిలంగా దాచింది, అక్షరాన్ని కాదు. ఫైళ్లను చాలాకాలం దాచడానికని 2005లో వచ్చిన పీడీఎఫ్/ఏ ప్రమాణం వాడమని చెప్పేవారుంటారు. అది ఫాంటును ఫైల్లోనే కట్టి ఉంచుతుంది, అంతవరకు మంచిదే. తప్పు గడిలో ఉన్న అక్షరాన్ని అదేం సరిచేస్తుంది?

ఆ పేజీలను కూర్చిన అసలు పేజ్‌మేకర్ (డీటీపీ సాఫ్ట్‌వేర్) ఫైళ్లుంటే ఆ ఫాంటుకు తగిన కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చేవాణ్ణి. పీడీఎఫ్‌లు అయిపోయాయి కదా అని, డిస్కులో చోటు చాలక వాటిని ముందు రోజే చెరిపేశాను.

అన్నట్టు, ఫోల్డర్లకు జిల్లాల పేర్లు పెట్టకండి. 2022 ఏప్రిల్‌లో రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి వచ్చింది. ఫోల్డర్లన్నిటి పేర్లూ మార్చమని నన్నే అడిగారు. జిల్లా అనేది ఫైలు వివరాల్లో ఒక గడిగా ఉండాలి, ఫోల్డర్ పేరులో కాదు.

చివరికి ఓసీఆర్‌కు, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటర్ చేత చదివించే పనికి దిగాం. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కు తెలుగు వచ్చు కానీ, మసక కాగితం మీద వత్తుల దగ్గర తడబడింది. గుమాస్తా గారు నా పక్కనే కుర్చీ వేసుకుని, ఒక్కో ఫైలుకు పేరు, ఊరు, సంవత్సరం చదువుతుంటే నేను కొట్టాను. రెండు నెలలు పట్టింది, ఆ కూలి నేనడగలేదు.