దొంగ దొరికేదాకా బాకీ ఆగదు

ప్రశ్న: తాడిపత్రిలో మాకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. బ్లేడ్లు, సెగ్మెంట్లు గుజరాత్ నుంచి తెప్పిస్తాం. ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని వాళ్ల పేరుతో మెయిల్ వస్తే, లెక్కలు చూసే పిల్లోడు 9,60,000 రూపాయలు ఆర్టీజీఎస్ చేశాడు. అది దొంగ మెయిల్. మూడో రోజు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే 1,35,000 మాత్రం ఆపగలిగారు. ఇలాంటి మోసాలు చేసి పారిపోయినవాళ్ల కోసం అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వెతుకుతోందట. మా దొంగ కూడా దొరికితే డబ్బు వస్తుందా? 40,000 కడితే రికవరీ చేయిస్తామని ఒకాయన ఫోన్ చేస్తున్నాడు. అసలు కంపెనీ బాకీ కోసం ఒత్తిడి చేస్తోంది. తెలిసినాయన రెండు రూపాయల వడ్డీకి మొత్తం ఇస్తానంటున్నాడు. నా భార్య గాజులు తెచ్చి చేతిలో పెట్టింది. 4 లక్షల ఎఫ్‌డీ ఉంది. అసలు బిల్లు, దొంగ బిల్లు రెండూ పంపుతున్నాను. ఏం చేయాలి? ఆ పిల్లోడి జీతంలో కోత పెడదామనుకుంటున్నాం.

జవాబు: ముందు ఆ 40,000 సంగతి. కట్టకండి, ఆ నంబరు బ్లాక్ చేయండి. పోయిన సొమ్ము తెప్పించడానికి పోలీసులూ కోర్టూ మీ దగ్గర అలా ఫోన్లో ఫీజు అడగరు. ఒకసారి మోసపోయినవాళ్లనే వెతికి పట్టుకునే రెండో దొంగలు వీళ్లు.

ఇక పారిపోయినవాడి గురించి. లిథువేనియాకు చెందిన ఎవాల్దాస్ రిమాసౌస్కస్ 2013-15 మధ్య ఒక తైవాన్ కంపెనీ పేరుతో దొంగ బిల్లులు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల దగ్గర 12 కోట్ల డాలర్లకు పైగా లాగాడు. ఆ డబ్బు లాత్వియా, సైప్రస్ బ్యాంకుల్లో పడి, అక్కడి నుంచి హంగరీ, హాంకాంగ్ దాకా చెదిరిపోయింది. 2017లో పట్టుబడ్డాడు, 2019 డిసెంబరులో అయిదేళ్ల శిక్ష పడింది. అతని నుంచి జప్తుకు కోర్టు ఆదేశించింది 4.97 కోట్ల డాలర్లు. అంత పెద్ద కంపెనీల కేసులోనే మొదటి మోసం నుంచి శిక్ష దాకా ఆరేళ్లు పట్టింది. మనిషి దొరకడం వేరు, డబ్బు దొరకడం వేరు. మీ వాడు ఏ దేశంలో ఉన్నాడన్నది పోలీసుల పని. మీరు వెంటబడాల్సింది మీ డబ్బు పడిన ఖాతా.

అందుకని ఈ వారంలోనే సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్లి, ఆపిన 1,35,000 ఏ బ్యాంకులో ఉందో అడగండి. ఎఫ్ఐఆర్ నకలు, 1930 ఫిర్యాదు నంబరు తీసుకుని, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 503వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేయించండి. ఆ డబ్బు దానంతటదే మీ ఖాతాకు రాదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, నాకు బాధనిపించేది అదే.

మీరు పంపిన రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి చూశాను. అదే లోగో, అదే సీలు, అదే సంతకం. మెయిల్ అడ్రసులో ఇంగ్లీషు ‘ఎం’ అక్షరం ఉండాల్సిన చోట ‘ఆర్’, ‘ఎన్’ అంటుకుని ఉన్నాయి. ఫోన్ తెరమీద తేడా తెలియదు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో మొదటి నాలుగు అక్షరాలు కూడా మారాయి, అంటే బ్యాంకే వేరు. ఆ పిల్లోడి జీతంలో కోత పెడదామని చివర్లో రాశారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ బిల్లు నేను చూసినా నమ్మేవాణ్నే. అతనికి ఒకటే నేర్పండి: ఖాతా మారిందని ఎవరు రాసినా, పాత బిల్లు బుక్కులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. ఆర్టీజీఎస్, నెఫ్ట్‌లలో ఖాతాదారు పేరు ముందే కనిపించే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 లోగా బ్యాంకులు పెట్టాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. పేరు చూడకుండా పంపొద్దనండి.

బాకీ మాత్రం మీదే. దొంగకు కట్టినంత మాత్రాన సరుకిచ్చినవాడి అప్పు తీరదు. ఆ కంపెనీ చిన్న పరిశ్రమగా నమోదై ఉంటే, రాతకోతలున్నా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే ‘బ్యాంకు రేటు’కు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అందుకే ముఖం చాటేయకుండా మీరే ఫోన్ చేయండి. మీ పాత బిల్లుల వివరాలు దొంగకు ఎలా తెలిశాయి? వాళ్ల మెయిలే హ్యాక్ అయి ఉంటే గడువు అడగడానికి మీకు గట్టి కారణముంది.

డబ్బు ఇలా సర్దండి. ఎఫ్‌డీ విరగ్గొట్టకుండా దాని మీదే 3,50,000 లోను తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి రెండు శాతమే ఎక్కువ పడుతుంది. బంగారం మీద బ్యాంకులో 2,50,000. ఈ రెండూ వెంటనే కట్టేసి, మిగతా 3,60,000కు మూడు నెలల వాయిదా అడిగి, మీకు రావాల్సిన బండల బాకీలు వసూలు చేసి తీర్చండి. రెండు రూపాయల వడ్డీ జోలికి పోవద్దు. 9,60,000కు నెలకు 19,200 వడ్డీకే పోతుంది, అసలు కదలదు. బ్యాంకు బంగారం లోను అందులో సగం కూడా పడదు. ఈ నష్టాన్ని వ్యాపార నష్టంగా చూపడానికి వీలుందేమో ఎఫ్ఐఆర్ నకలుతో మీ ఆడిటర్ని అడగండి.

కోర్టు నుంచి 1,35,000 రాగానే యూనిట్‌కు వాడకుండా ముందు గాజుల లోనుకే కట్టండి. బ్యాంకులో ఇచ్చే బంగారం రసీదు మీ బీరువాలో కాకుండా మీ ఇంటావిడ దగ్గరే ఉంచండి. విడిపించే నెల ఏదో దాని వెనక ఆమె చేతే రాయించండి.