మాగ్నెటిక్ హైడ్రోజెల్ ప్రాజెక్టు అనంతపురంలో ఉండి చేయొచ్చా?

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నీళ్ళలోంచి రంగు తీసే మాగ్నెటిక్ హైడ్రోజెల్ (నీళ్ళు పీల్చి పట్టుకునే జెల్‌లో అయస్కాంతానికి అతుక్కునే పౌడర్ కలిపింది) తీసుకున్నాను, మా కాలేజీలో పెద్ద మెషిన్లు లేవు, అనంతపురంలో అవుతుందా అని అడిగినారు. అవుతుంది. నేను ఈ ఊర్లోనే చేసినా, ఆల్జినేట్‌తో, అంటే సముద్రపు నాచులోంచి తీసే జిగురుతో. మెషిన్ల సంగతి తర్వాత, ముందు ఏ నీళ్ళ కోసం చేస్తున్నారో తేల్చుకోండి. ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు, మా గైడు కూడా అడగలేదు, దానివల్ల నాకు నాలుగు నెలలు పోయినాయి.

తయారీ కష్టమేం కాదు. ఫెర్రిక్ క్లోరైడ్ స్ఫటికాలు 5.4 గ్రాములు, ఫెర్రస్ క్లోరైడ్ స్ఫటికాలు 2 గ్రాములు, అంటే మోల్స్ లెక్కలో రెండుకి ఒకటి. నీళ్ళలో కరిగించి అమ్మోనియా పోస్తా ఉంటే కళ్ళ ముందే కాటుక మాదిరి నల్లగా అయిపోతుంది, అదే మాగ్నెటైట్, అయస్కాంతానికి అతుక్కునే ఐరన్ ఆక్సైడ్, లెక్క ప్రకారం 2.3 గ్రాములు రావాలి. ఫెర్రస్ క్లోరైడ్ లేత ఆకుపచ్చగా ఉందా అని డబ్బా మూత తీయగానే చూసుకోండి, పసుపు గోధుమ రంగుకి తిరిగిందంటే గాలికి పాడైనట్టే, దాంతో చేస్తే పౌడర్ కూడా ఎర్రమట్టి రంగులో వస్తుంది, అయస్కాంతానికి సరిగ్గా రాదు. గాలి తగలకుండా, నైట్రోజన్ సిలిండర్ ఉంటే ఆ గ్యాస్ వదులుతా చేయండి. ఇంకొకటి, దీన్ని మాగ్నెటిక్ స్టిరర్ మీద పెట్టొద్దు. నేను మొదటిసారి పెట్టినా, పుట్టిన మాగ్నెటైట్ అంతా తిరిగే ఆ తెల్ల బార్‌కే గడ్డంలాగా అతుక్కునింది, గీకి గీకి తీసేసరికి సగం పోయింది. పైనుంచి రెక్క తిరిగే స్టిరర్ తెచ్చుకోండి, లేదంటే గాజు కడ్డీ పట్టుకొని కూర్చోండి.

తర్వాత సోడియం ఆల్జినేట్ 2 శాతం ద్రావణంలో ఆ నల్ల పౌడర్ కలిపి సిరంజితో కాల్షియం క్లోరైడ్ నీళ్ళలోకి చుక్కలు చుక్కలుగా వదిలితే మిరియాల మాదిరి గుండ్రటి పూసలు వస్తాయి. కలిపినాక ఆలస్యం చేస్తే పౌడర్ అడుక్కి దిగిపోతుంది, మొదటి పూసలు ఒక రకంగా చివరివి ఇంకో రకంగా వస్తాయి. ఆల్జినేట్‌ని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌లోనే కలపండి. మన బోరు నీళ్ళలో కాల్షియం ఎక్కువ, అందులో వేస్తే గిన్నెలోనే ఉండలు కట్టేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. నా పూసలు మిథిలీన్ బ్లూని, అంటే ల్యాబుల్లో టెస్టుకి వాడే నీలం రంగుని, బాగా లాగేవి, నీలం నీళ్ళు పొద్దున వేస్తే సాయంత్రానికి తేటగా అయ్యేవి, అయస్కాంతం పక్కన పెడితే పూసలన్నీ గోడకి చేరేవి, నేనూ మా గైడూ ఇద్దరం చాలా సంతోషపడినాం. ధర్మవరంలో మా చిన్నాయన పట్టుకి రంగులద్దే పని చేస్తాడు. నిజం నీళ్ళలో కూడా చూద్దామని ఒక ఆదివారం బస్సెక్కి పోయినా. కాలవలో రాణిపింకు నీళ్ళు పోతా ఉన్నాయి, ఐదు లీటర్ల క్యాన్ ముంచినా. చిన్నాయన చూసి "ఏమిరా, ఈ మురుగునీళ్ళు ఏం చేసుకుంటావు, మంచినీళ్ళు తీసకపో" అన్నాడు. నేను నవ్వి తెచ్చుకున్నా. బీకరులో పోసి యాభై పూసలు వేసి పడుకున్నా.

పొద్దున చూస్తే పూసలు లేవు. అడుగున నల్లటి బురద, పైన నీళ్ళు నిన్నటి రాణిపింకే, కొంచెం కూడా తగ్గలేదు. అయస్కాంతం పెడితే ఆ బురద వచ్చి గాజుకి అతుక్కునింది, అంటే మాగ్నెటైట్ బాగానే ఉంది, జెల్లే పోయింది. చిన్నాయనకి ఫోన్ చేసి ఆ నీళ్ళలో ఏమేం పడతాయి అని అడిగితే అప్పుడు చెప్పినాడు, పట్టుకి జిగురు పోయేదానికి సబ్బు, సోడా వేసి ఉడకబెడతారు, ఆ నీళ్ళు కూడా అదే కాలవలోకి పోతాయి అని. సోడాలో ఉండే కార్బొనేట్ మన పూసని పట్టుకొని ఉన్న కాల్షియంని లాగేసుకుంటుంది, ఆ ఖాళీలోకి సోడియం వస్తుంది, జెల్ మళ్ళీ కరిగిపోతుంది. రెండోది, పట్టుకి వాడేవి ఎక్కువగా యాసిడ్ రంగులు, వాటికి నెగటివ్ చార్జ్, ఆల్జినేట్‌కీ నెగటివే, రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. మిథిలీన్ బ్లూకి పాజిటివ్ చార్జ్ కాబట్టి ల్యాబ్‌లో అంత బాగా పనిచేసింది. ఇది మొదటి వారంలోనే పుస్తకం చూసుంటే తెలిసేది. ఎవరి పేపర్ తీసినా మిథిలీన్ బ్లూ, డిస్టిల్డ్ వాటర్, అయిపోయింది, నాకు ఇప్పటికీ చదివితే కోపమొస్తుంది. ధర్మవరం కాలవలో మిథిలీన్ బ్లూ ఎవరు పోస్తారు?

తర్వాత కైటోసాన్‌కి మారినా, అది రొయ్యల పెంకుల్లోంచి తీసే పదార్థం. అసిటిక్ యాసిడ్‌లో కరిగించి మాగ్నెటైట్ కలిపి సోడియం హైడ్రాక్సైడ్‌లోకి చుక్కలు వదలడం, ఆ పైన గ్లూటరాల్డిహైడ్‌తో గట్టి చేయడం, అది చేయకపోతే యాసిడ్ నీళ్ళలో కరిగిపోతుంది. కైటోసాన్‌కి పాజిటివ్ చార్జ్ ఉండేది పీహెచ్ 6 కంటే తక్కువలోనే, అందుకని సోడా నీళ్ళలో కొంచెం అసిటిక్ యాసిడ్ పోసి 4, 5 మధ్యకి తెచ్చినాక పూసలు వేసినా. రాణిపింకు నీళ్ళు మూడో రోజుకి లేత గులాబీకి దిగినాయి, పూసలు విడిపోలేదు. చిన్నాయనకి ఫోటో పంపిస్తే "ఈ గుళ్ళు కేజీ ఎంత పడతాదిరా" అన్నాడు. నా వైవాలో ఎవరూ అడగని ప్రశ్న అది.

టెస్టింగ్‌కి మీ కాలేజీలో కావాల్సింది మంచి తూకం, నీళ్ళలో రంగు ఎంత మిగిలిందో కొలిచే యూవీ విజిబుల్ మెషిన్, ఒక నియోడిమియం అయస్కాంతం. ఎండిన పూస బరువు, నానినాక బరువు, తడి అద్దేటప్పుడు ప్రతిసారీ ఒకే తీరుగా అద్దండి, లేకపోతే స్వెల్లింగ్ అంకెలు ఇష్టమొచ్చినట్టు వస్తాయి. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకసారి, బోరు నీళ్ళలో ఒకసారి, రెండూ రాయండి. ఇనుము బయటికి వస్తా ఉందేమో చూడాలంటే పూసలు తీసేసిన నీళ్ళకి కొంచెం హైడ్రోక్లోరిక్ యాసిడ్, పొటాషియం థయోసయనేట్ కలపండి, ఎర్రగా తిరిగితే కారుతున్నట్టే. పూసకి అయస్కాంత బలం ఎంతో కొలిచే వీఎస్ఎం టెస్టుకి ఒక్కదానికే బయటికి పంపాలి, దానికి వారాలు పడతాయి కాబట్టి మొదటి నెలలోనే పంపించేయండి. అది వచ్చినప్పుడు ఒక లెక్క చూసుకోండి, శుద్ధమైన మాగ్నెటైట్‌కే గ్రాముకి సుమారు 92 ఈఎంయూ (అయస్కాంత బలానికి కొలత), మీ ఎండిన జెల్‌లో అది ఐదో వంతు ఉంటే 18 దాటే పనే లేదు, దాటిందంటే ఎక్కడో తప్పు జరిగినట్టు.

నీళ్ళు తెచ్చేటప్పుడు క్యాన్ అంచు దాకా నింపి మూత గట్టిగా పెట్టండి, ఇంటికి రాగానే అదే రోజు పీహెచ్ చూసి క్యాన్ మీద రాసుకోండి, రెండు రోజులు పెడితే మారిపోతుంది.